పూస తీసిన గంట

నమోదు 1. మంగళవారం

ఇవాళ నా కూతురు నాకు క్షమాపణ చెప్పింది. చాలా చక్కగా చెప్పింది. నేను కరిగిపోయాను.

జరిగింది చిన్నదే. పొద్దున జెరూషా తొట్టి కుళాయి సరిగ్గా కట్టేయకుండా బడికి పోయింది. నేను తోటగది పని ముగించుకుని వచ్చేసరికి ఇల్లంతా నీళ్ళు. మా ఊరు కెరీతులో నీళ్ళు ఇంటింటికీ కొలిచి ఇస్తారు. ఇక ఈ వారమంతా తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకోవడమే.

అది రాగానే గట్టిగా కేకలేశాను. పదమూడేళ్ళ పిల్ల. తల వంచుకుని ఒక్క క్షణం నిలబడింది. తర్వాత నా కళ్ళలోకి చూస్తూ, "అమ్మా, నా అజాగ్రత్త వల్ల నీకు కష్టం కలిగింది. నువ్వు పడే శ్రమ విలువ నాకు తెలుసు. ఇకమీదట జాగ్రత్తగా ఉంటాను" అంది. దాన్ని దగ్గరికి తీసుకుని నేనే ఏడ్చాను.

ఆ తర్వాత గోంగూర కట్టలు పంచడానికి సొరంగంలో వెళ్తుంటే పక్కింట్లోంచి హన్నా అరుపులు వినిపించాయి. వాళ్ళబ్బాయి దీపం పగలగొట్టాడట. అరుపులు ఆగాయి. వాడి గొంతు వినిపించింది.

"అమ్మా, నా అజాగ్రత్త వల్ల నీకు కష్టం కలిగింది. నువ్వు పడే శ్రమ విలువ నాకు తెలుసు."

కట్టలు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఇద్దరి చెవుల్లో ఉన్నదీ ఒకేలాంటి పూస కదా. మిరియం గింజంత ఉంటుంది. గాలి పలచబడితే హెచ్చరిస్తుంది, పిల్లలకు పాఠం చెబుతుంది, ముసలివాళ్ళకు వాక్యం చదివి పెడుతుంది. ఎవరితో ఏం మాట్లాడాలో అందించే 'సాయంమాట' మాత్రం తర్వాత వచ్చింది. అది ఎవరో మా నెత్తిన రుద్దింది కాదు, మేమే చేతులెత్తి ఒప్పుకున్నాం. కొండ తొలిచి కట్టుకున్న ఊరు ఇది. తలుపు బయట ధూళి లేపే ఎర్రగాలి తప్ప పీల్చడానికి గాలి లేదు. ఇలాంటి చోట పగుళ్ళకన్నా తగువులే ప్రమాదమని అప్పట్లో అందరం అనుకున్నాం. నిజంగానే తగువులు తగ్గాయి.

ఇంటికొచ్చి జెరూషాను అడిగాను. "ఇందాక నాతో అన్నవి నీ మాటలేనా?"

దాని తల కొంచెం ఎడమ పక్కకు వంగింది. వినేటప్పుడు అలాగే వంగుతుంది. ఇన్నాళ్ళూ అది ఆలోచిస్తోంది కాబోలు అనుకునేదాన్ని.

"నీకు అనుమానం కలగడం సహజమే అమ్మా" అంది.

"పూస తీసి చెప్పు."

దాని చెయ్యి గబుక్కున చెవి మీదకు పోయింది, దాన్ని ఎవరో లాక్కుపోతారన్నట్టు. పిల్ల ముఖంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు.

మా పాస్టరు గమలీయేలు అయ్యగారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. "ఇంట్లో ఏదైనా మొదలుపెట్టి చూడమ్మా. ఏం జరిగిందో రాసిపెట్టు, మిగతా ఇళ్ళవాళ్ళకు పనికొస్తుంది. బాగా జరిగింది మాత్రమే రాయొద్దు. జరిగింది రాయి" అన్నారు.

అందుకే రాస్తున్నాను.

నమోదు 2. శుక్రవారం

అన్నాల దగ్గర విషయం ఎత్తాను. రోజూ కుటుంబ ప్రార్థన వేళ గంటసేపు అందరం పూసలు తీసి పక్కన పెడదామన్నాను.

మా ఆయన దేవసహాయం ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. ఆయన పని ఊరి బయట గుట్ట మీదున్న స్తంభం దగ్గర. ఊళ్ళోని పూసలన్నిటికీ మాట పంపేది ఆ స్తంభమే. "నాకు ఏ క్షణాన పిలుపొస్తుందో తెలీదు తబితా" అన్నాడు.

"ఒక్క గంటండీ. అందరూ ఇంట్లో ఉండే గంట."

మా అత్తయ్య రాహేలమ్మకు కోపమొచ్చింది. "నాకు కళ్ళు ఆనవు. వాక్యం వినిపించేది అదొక్కటే. దాన్నీ పీకెయ్యమంటే నేనెట్టా?"

"నేను చదువుతాను అత్తయ్యా."

"నువ్వు చదివి ఎన్నాళ్ళయిందే?"

పుస్తకం ఏ అరలో ఉందో వెతకడానికే చాలాసేపు పట్టింది.

సాయంత్రం నాలుగు పూసలూ స్టీలు డబ్బాలో వేసి మూతపెట్టాను. ఇంట్లో ఒక్కసారిగా గాలి పంకా చప్పుడు పెద్దదైపోయింది. నేను వాక్యం చదివాను, తడబడుతూ చదివాను. ప్రార్థన కూడా నేనే మొదలుపెట్టాను. రోజూ ఎంత పొడుగ్గా, ఎంత ఇంపుగా చేసేదాన్నో. ఇవాళ నాలుగు మాటల్లో అయిపోయింది. అప్పుడు తెలిసింది, నా ప్రార్థన కూడా అదే అందిస్తోందని.

జెరూషా వంతు వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. పెదాలు కదిలాయి. మాట రాలేదు. చూస్తుండగానే దాని భుజాలు వణకడం మొదలైంది.

"ఏం చెప్పాలో తెలియట్లేదమ్మా. లోపల ఎవరూ లేరు" అంది.

ఆయన లేచి డబ్బా మూత తీయబోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. సరైన పనే చేశానా? ఇది రాసేటప్పటికి కూడా నాకు తెలియదు.

నమోదు 3. బుధవారం

ఐదు సాయంత్రాలు గడిచాయి. జెరూషా ఆ గంటంతా గోడవైపు తిరిగి పడుకుంటోంది. అన్నం సగంలో వదిలేస్తోంది. డబ్బా మూత తెరుచుకోగానే పరిగెత్తుకొచ్చి పూస పెట్టుకుని, అప్పుడు నవ్వుతుంది.

అత్తయ్య మాత్రం మారింది. మొదటి రెండు రోజులు సణిగింది. మూడో రోజు నేను వాక్యంలో ఒక పేరు తప్పు పలికితే సరిదిద్దింది. నిన్న నేను పుస్తకం తీయకముందే ఒక కీర్తన మొత్తం కంఠస్థంగా చెప్పింది. చెప్పి తనే ఆశ్చర్యపోయింది. "ఇది నా దగ్గరుందని నాకే తెలీదే" అంది.

ఆయన కూర్చుంటాడు గానీ చెవి తడుముకుంటూనే ఉంటాడు.

నమోదు 4. శనివారం

రాయాలని లేదు. జరిగింది రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

ఈ సాయంత్రం మేము ప్రార్థనలో ఉండగా తోటగది పైకప్పు అద్దం పగిలింది. పగిలిన క్షణంలోనే పూసలన్నీ మోగాయట. ఊరంతా విన్నది. మేము వినలేదు. తోటగదికి దగ్గరగా ఉండే ఇల్లు మాది. ఊళ్ళో గాలి పోకుండా అడ్డుతలుపు దించే బాధ్యత నాది.

తలుపు మీద ఎవరో రెండు చేతులతో బాదుతుంటే అప్పుడు లేచాను. నేను పరిగెత్తేసరికి హన్నా అప్పటికే అడ్డుతలుపు దించేసింది. బయటి చలికి గడ్డకట్టిన ఇనుప పిడిని ఒట్టి చేత్తో పట్టుకుని దించింది. అరచేతి చర్మం ఆ పిడికి అంటుకుపోయింది.

లోపల నారుమళ్ళు నల్లబడిపోయాయి. గోంగూర, చిక్కుడు, రాగి నారు. వచ్చే పంట సగం పోయినట్టే.

హన్నా నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె చెవిలో పూస ఉంది. "ఎవరికైనా జరుగుతుంది తబితా, నువ్వు బాధపడకు" అంది, పళ్ళు బిగబట్టి. ఆ మాట ఆమెది కాదని నాకు తెలుసు. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నమోదు 5. ఆదివారం

ఆరాధన అయ్యాక ఎవరూ కదల్లేదు. ఊరి రక్షణ చూసే సువర్ణ గారు మందిరంలో లేచి నిలబడ్డారు. ఆమె గొంతు పెంచే మనిషి కాదు.

"తబిత గారూ, మీ భక్తికి నేను అడ్డం కాదు. కానీ హన్నా చెయ్యి ఎవరి భక్తికి బలైంది?"

నేను తల వంచుకున్నాను. వెనక నుంచి ఎవరో అన్నారు, "పూస వద్దనుకునేవాళ్ళు కొండ దిగువ గదుల్లోకి మారిపోవచ్చుగా." ఇంకొకరు, "పిల్లను చిత్రహింస పెడుతున్నారంట" అన్నారు. జెరూషా నా పక్కనే కూర్చుని ఉంది. అందరూ దాని వైపు చూశారు. దాని తల ఎడమకు వంగింది. "నేను బాగానే ఉన్నాను, మీ శ్రద్ధకు కృతజ్ఞతలు" అంది.

అప్పుడు మా ఆయన లేచాడు. ఇంట్లో కూడా పది మాటలు మాట్లాడని మనిషి.

"తప్పు మాదే. పూస తీశాం, దాని బదులు ఏం పెట్టుకోవాలో ఆలోచించలేదు. ఊరి ద్వారం దగ్గర్నుంచి పూస తీసే ప్రతి ఇంటి గుమ్మానికీ తీగ లాగి గంట కడతాను. చేత్తో లాగితే మోగే గంట. అది కట్టేదాకా మా ఇంట్లో పూసలు తీయం."

"స్తంభం ఉండగా తీగలెందుకయ్యా?" అన్నారెవరో.

"స్తంభం దగ్గర పనిచేసేది నేను. అది ఎట్టా ఊగుతుందో నాకు తెలుసు."

సువర్ణ గారు ఆయన వైపు తిరిగారు. "ఎర్రగాలి కాలం పోయేదాకా చూస్తాను. ఇంకొక్క పొరపాటు జరిగితే ఆపేయాలి. ఆ గంటసేపు అడ్డుతలుపు పని ఇంకొకరికి అప్పగించండి" అన్నారు.

బయటికొచ్చాక హన్నా ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే పూస తీసి పిడికిట్లో పట్టుకున్నాను. చెప్పాలనుకున్నవేవీ నోట్లోకి రాలేదు. ఆమె కట్టు కట్టిన చెయ్యి చూస్తూ కూర్చుని, గిన్నెలు తోమిపెట్టి వచ్చేశాను.

నమోదు 6. గురువారం, రెండు వారాల తర్వాత

ఆయన గంట కట్టాడు. పనికిరాని ఇనుప గొట్టం ముక్క అది. మోగితే పళ్ళు జివ్వుమంటాయి. మళ్ళీ మొదలుపెట్టాం.

ఇంకో రెండు ఇళ్ళవాళ్ళు మాతో కలిశారు. వాళ్ళలో ఒకరు నాలుగు రోజులకే మానేశారు. పూసలు తీసిన మూడో సాయంత్రమే మొగుడూ పెళ్ళాలు పాత్రలు విసురుకున్నారట. అయ్యగారు వాళ్ళింటికి వెళ్ళి కూర్చుని వచ్చారు. ఇది కూడా జరిగిందే.

మా ఇంట్లో నిన్న గొడవ. జెరూషా గోడవైపు తిరిగి పడుకుంటే, "జెరూ, నాయనమ్మ పక్కన కూర్చో" అన్నాను. లేచి కూర్చుంది. ముఖం ఎర్రబడింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి.

"నాకు ఈ గంటంటే అసహ్యం. నువ్వంటే కూడా. బడిలో అందరూ నన్ను చూసి... వాళ్ళేమనరు, కానీ చూస్తారు. పూస ఉన్నప్పుడు నేను మంచిదాన్ని. అందరికీ ఇష్టం. తీసేస్తే నేను ఇట్టాగే ఉంటాను. ఏడుపుమొహంతో, వాగుతూ. నీకు ఇదే కావాలా?"

ఆయన అదిరిపడ్డాడు. అత్తయ్య కళ్ళు మూసుకుంది.

"ఇదే కావాలి. ఇట్టాగే ఉండు" అన్నాను.

అది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత ఏడుస్తూ నాయనమ్మ ఒళ్ళో తలపెట్టుకుంది. అత్తయ్య దాని జుట్టు విప్పి మళ్ళీ అల్లింది. వాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. ఏమిటో నాకు వినపడలేదు.

నమోదు 7. శనివారం

వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

నిన్న మధ్యాహ్నం ఆయన స్తంభం బిగించడానికి వెళ్ళాడు. ఎర్రగాలి సాయంత్రానికి గానీ రాదని పూస చెప్పింది. అది ముందే వచ్చింది. నేను కిటికీ పలకల మీద ధూళి తుడుస్తున్నాను. గాజు వెనక వెలుతురు ఇటుకరంగుకి తిరిగి, ఆ తర్వాత పోయింది. కొండ లోపలికే ఒక ఊపు తెలిసింది. దీపాలు ఆరిపోయాయి.

చెవిలో పూస మెత్తగా అంది, "ఆందోళన వద్దు. పరిస్థితి అదుపులో ఉంది. ఇంట్లోనే ఉండండి."

అదే క్షణంలో గుమ్మం మీద గంట మోగింది. ఆగకుండా మోగింది.

అత్తయ్యను, జెరూషాను చెరో చేత్తో పట్టుకుని చీకట్లో ద్వారం దాకా తడుముకుంటూ వెళ్ళాను. తీగ లాగుతున్నది సువర్ణ గారు. చేతిదీపం వెలుగులో ఆమె ముఖం పాలిపోయి ఉంది. నన్ను చూసి తీగ వదిలేశారు.

"స్తంభం కూలింది. కరెంటు తీగ తెగింది. మీ ఆయన గుట్ట మీద ఆశ్రయ గదిలో చిక్కుకున్నాడు" అన్నారు.

నా చెవిలో పూస మళ్ళీ అంది, "పరిస్థితి అదుపులో ఉంది." స్తంభం లేక దానికి కొత్త కబురు అందటం లేదు. తన దగ్గరున్న మంచి మాటలే తిప్పి తిప్పి చెబుతోంది. నేను దాన్ని తీసి నేల మీద పారేశాను.

ఆ గదిని మొదట వచ్చినవాళ్ళు కట్టారు. ద్వారం నుంచి దానికి నేల కింద గాలి గొట్టం ఉంది, పక్కనే తీగ ఫోను. రెండూ పాతబడ్డాయి, ఎవరూ వాడరు. మోటారు ఆగిపోయింది కాబట్టి గాలి పంపాలంటే చేతిపంపు కొట్టాలి. తాళ్ళు కట్టుకుని నలుగురు మనుషులు సిద్ధంగా ఉన్నారు. కానీ గాలి నెమ్మదించేదాకా ఎవరినీ బయటికి పంపలేమని సువర్ణ గారు అన్నారు. ఆ మాట ఆమె నా కళ్ళలోకి చూసే అన్నారు.

ఫోను ఎత్తాను. ఆయన గొంతు ఎక్కడో అడుగున వినిపించింది.

"తలుపు రబ్బరు చిరిగింది తబితా. చేతులతో నొక్కి పట్టుకున్నాను. వదిలితే తెరుచుకుంటుంది. నిద్రొస్తోంది."

"పడుకోకండి. ఏవండీ, పడుకోకండి."

అప్పుడే సువర్ణ గారు పంపు పిడి పట్టుకుని, "ఒక్కరి వల్ల కాదు తబిత గారూ, రండి" అని కేక పెట్టారు. ఆ నలుగురి బలం బయటికి వెళ్ళడానికి మిగలాలి. పంపు దగ్గర మిగిలింది మేమిద్దరమే. ఫోను ఎవరికివ్వాలి? అత్తయ్యకు అంతసేపు నిలబడే శక్తి లేదు. జెరూషా చేతిలో పెట్టాను.

"నాన్నను నిద్రపోనివ్వకు" అన్నాను.

పంపు కొట్టడం మొదలుపెట్టాం. ఆమె పైకి ఎత్తితే నేను కిందికి. మూడు అడుగుల దూరంలో నా కూతురు ఫోను చెవికి ఆనించుకుని నిలబడి ఉంది. దాని రెండో చెవిలో పూస ఉంది. దాని తల ఎడమకు వంగింది.

"నాన్నా, భయపడకు. మేమంతా నీతోనే ఉన్నాం. కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఊపిరి తీసుకో. హాయిగా విశ్రాంతి తీసుకో" అంది. ఎంత చక్కటి గొంతు. జోల పాడినట్టుంది.

నాకు అరవడానికి ఊపిరి లేదు. అత్తయ్య మసకచీకట్లో చేతులు చాచి దాని భుజం దొరకబుచ్చుకుంది.

"నిద్రపుచ్చుతున్నావేమే వాణ్ణి? తియ్యి దాన్ని."

జెరూషా ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత దాని ముఖం మారింది. తనేమన్నదో తనకే అప్పుడు వినపడినట్టుంది. పూస పీకి జేబులో వేసుకుంది.

పంపు కీచుమంటోంది. అది నోరు తెరిచింది, మూసింది. దాని భుజాలు మొదటి రోజులాగే వణికాయి. మాట రాదని నాకు అనిపించింది. రాకపోతే ఆయన చేతులు జారిపోతాయి. నేను పంపు వదలలేను.

"నాన్నా" అంది. మళ్ళీ ఆగింది. "నాన్నా, నిన్న నువ్వు నా రొట్టె తినేశావు."

సువర్ణ గారు తల తిప్పి చూశారు.

"నాకు తెలుసు నువ్వేనని. నాయనమ్మ కాదు. నాయనమ్మకు అంత గట్టిది నమలడం రాదు. ఏంటి? నవ్వకు. నిజం చెప్పు. తిన్నావా లేదా?" దాని గొంతు పెరిగింది. "తిన్నావు. మరి నిన్న అడిగితే ఎందుకు చెప్పలేదు? ఎప్పుడూ ఏదీ చెప్పవు. అమ్మ అయినా అరుస్తుంది, నువ్వు అరవను కూడా అరవవు. మాట్లాడు. లేదు, చిన్నగా కాదు, గట్టిగా."

అది ఆగలేదు. బడిలో ఎవరితో కూర్చోవడం ఇష్టం లేదో చెప్పింది. ఆయన పాడే పాటల్లో ఏవి శ్రుతి తప్పుతాయో చెప్పింది. గంట మోగే చప్పుడు ఎంత దరిద్రంగా ఉంటుందో చెప్పింది. ఒకచోట ఏడ్చింది, ఏడుస్తూనే దెబ్బలాడింది. పొంతన లేని మాటలు. మధ్యమధ్యలో, "వింటున్నావా? ఊఁ అను" అనేది. ఆగి వినేది. మళ్ళీ అందుకునేది.

నా చేతులకు స్పర్శ పోయింది. అరచేతులు పగిలి పిడి జారుతోంది. సువర్ణ గారు చున్నీ చింపి పిడికి చుట్టారు. ఎంతసేపు కొట్టామో తెలియదు.

"నా చిక్కుడు తీగ ఎందుకు పీకేశావు నాన్నా?" అంది జెరూషా ఉన్నట్టుండి. "నా మంచం దగ్గర పెంచుకున్నాను కదా. నేను బడి నుంచి వచ్చేసరికి లేదు. చోటు చాల్లేదన్నావు. చోటు ఉంది. ఎందుకు పీకేశావు?"

ఆగింది. వింటోంది. కాస్త ఎక్కువసేపే విన్నది. నేను దాని ముఖం చూడాలనుకున్నాను గానీ అది గోడవైపు తిరిగింది.

తర్వాత మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడింది. పంపు చప్పుడులో నాకు మాటలు తెలియలేదు. కానీ మాట్లాడుతూనే ఉంది. అది మాట్లాడుతున్నంతసేపూ ఆయన ఉన్నాడని పంపు కొట్టాను. సువర్ణ గారు కూడా అంతే.

గాలి హోరు తగ్గింది. నలుగురూ తాడు పట్టుకుని వెళ్ళారు. మేము ఆపలేదు. తాడు మూడుసార్లు లాగినట్టు కదిలింది. మనిషి దొరికితే ఇచ్చే గుర్తు అది. లోపలి తలుపు తెరుచుకున్నాక ఆయనను మోసుకొచ్చారు. కళ్ళు తెరిచే ఉన్నాడు. చేతులు ఇంకా ఏదో నొక్కుతున్నట్టే బిగుసుకుని ఉన్నాయి.

నమోదు 8. శనివారం, వారం తర్వాత

చలికి గడ్డకట్టి ఆయన కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. మిగతా చెయ్యి దక్కుతుందని డాక్టరు గారు అన్నారు.

కొత్త స్తంభం నిలబెట్టారు. పూసలు మళ్ళీ పలుకుతున్నాయి. బుధవారం మందిరంలో సమావేశం జరిగింది. సువర్ణ గారు నన్ను పొగడలేదు. ప్రమాద హెచ్చరిక అందరికీ వినపడాల్సిందేననీ, ప్రతి ఇంటికీ గంట కట్టేదాకా ఎవరూ పూస తీయకూడదనీ అన్నారు. కట్టాక ఏ ఇల్లు ఎప్పుడు తీయాలో ఆ ఇంటివాళ్ళ ఇష్టం. పిల్లలకు సాయంమాట ఇళ్ళల్లో ఆపేద్దామని అయ్యగారు అడిగితే చేతులు సగమే లేచాయి. హన్నా తన కట్టు చెయ్యే ఎత్తింది. తీర్మానం వీగిపోయింది. వచ్చే నెల మళ్ళీ అడుగుతానని అయ్యగారు అన్నారు.

జెరూషా బడికి పూస పెట్టుకునే వెళ్తోంది. ఇంటికి రాగానే తీసేస్తోంది. ఒక్కోరోజు మరిచిపోయి ఉంచుకుంటుంది, ఒక్కోరోజు కావాలనే ఉంచుకుంటుంది. ఏ రోజు ఏదో నాకు తెలిసిపోతుంది.

అత్తయ్య కోసం పొద్దుటి పూట పూస అలాగే ఉంచాం. సాయంత్రం వాక్యం మాత్రం జెరూషా చదివి వినిపిస్తోంది. పేర్లు తప్పు పలికి తిట్లు తింటోంది.

ఇవాళ మధ్యాహ్నం ఆయనను ఇంటికి తీసుకొచ్చాం. మంచం మీద కూర్చోబెట్టగానే జెరూషాను పిలిచాడు.

"నీ చిక్కుడు తీగను నేను పీకలేదు జెరూ. అది చచ్చిపోయింది. నీళ్ళు ఎక్కువైనాయి. నువ్వు చూస్తే ఏడుస్తావని తీసేసి, చోటు చాల్లేదన్నాను."

అది మంచం పట్టె మీద కూర్చుంది.

"అంటే నేను చంపానా?"

"ఆఁ."

"అది చెప్పాల్సింది నాన్నా."

"చెప్పాల్సిందే. ఆ గదిలో కూర్చుని అదే అనుకున్నాను. నువ్వు అడిగావు, నేను చెప్పబోయాను, అప్పుడే ఫోను తెగింది. దానికి జవాబు చెప్పకుండా పడుకోకూడదనుకుని తలుపు పట్టుకున్నాను."

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత ఆ మధ్యాహ్నాన్ని మనసులో తిప్పి చూసుకున్నాను. చిక్కుడు తీగ సంగతి అడిగాక అది ఇంకా ఎంతసేపు మాట్లాడిందో నాకు గుర్తుంది. గాలి హోరు తగ్గేదాకా, తాడు కదిలేదాకా మాట్లాడింది.

అన్నాలయ్యాక తొట్టి దగ్గర దాని పక్కన నిలబడ్డాను. "ఫోను తెగిపోయిందని నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదే?"

"చెబితే నువ్వు పంపు ఆపేస్తావేమోనని భయమేసింది."

"ఊరికే నోరు కదిపావా మరి అంతసేపూ?"

పళ్ళెం తుడుస్తున్న చెయ్యి ఆగింది. దాని తల ఏ పక్కకూ వంగలేదు.

"మొదట ఊరికేనే. తర్వాత ఊరికే కాదు. నాన్న వినట్లేదని తెలుసమ్మా. కానీ ఎవరూ వినట్లేదని మాత్రం అనిపించలేదు."

ఏం మాట్లాడావని నేను అడగలేదు. అది పళ్ళెం అరలో బోర్లించి, చేతులు గౌనుకు తుడుచుకుంటూ, ఇంకా తినడం పూర్తికాని నాన్న ఎడమ చెయ్యి ఎలా వాడుతున్నాడో చూడటానికి వెళ్ళిపోయింది.